సండూరు కొండలు, కింది చెరువులు: నాలుగు రోజుల ప్రయాణం



2020లో ఆగిపోయిన కైలాస మానససరోవర యాత్ర ఐదేళ్ళ తరువాత, 2025 జూన్‌లో మళ్ళీ మొదలయింది. టిబెట్ పీఠభూమి మీద సుమారు 15,000 అడుగుల ఎత్తున ఉన్న సరస్సు అది. చుట్టూ మంచు కొండలు, మధ్యలో నీలపు నీరు. డబ్బు, ఆరోగ్యం, సెలవు మూడూ కలిసివచ్చినవాళ్ళు తప్పకుండా వెళ్ళిరండి. మూడింటిలో ఒక్కటి కుదరకపోయినా ప్రయాణం ఆగిపోతుంది. అప్పుడు కొండలూ సరస్సులూ చూడాలన్న కోరిక మాటేమిటి? ఈ ప్రశ్న బళ్ళారిలో ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: "మన వైపు ఏముంది స్వామీ, బండలూ ఎండలూ తప్ప?"

ఉన్నాయి. బస్సెక్కితే రెండు గంటల్లోపు కొండల నడుమ ఉంటారు. సండూరు కొండలు, వాటి కింద నారిహళ్ళ వాగు, ఆ వాగు నింపే దరోజి చెరువు, అవతల కమలాపురం చెరువు, తుంగభద్ర జలాశయం. నాలుగు రోజులు చేతిలో పెట్టుకుని ఈ వరసలోనే చూడండి. వరస ఎందుకంటారా? కొండమీద పడ్డ వాన ఏ దారిన దిగి ఏ చెరువు చేరుతుందో, మొదటి మూడు రోజులు మీరూ ఆ దారినే నడుస్తారు. కొండను విడిగా, చెరువును విడిగా చూసినవాడికి ఈ సీమ సగమే అర్థమవుతుంది.

ముందు ఒక చిన్న లెక్క. హిమాలయాలు పుట్టి సుమారు 5 కోట్ల సంవత్సరాలయింది. భారత భూఖండం ఉత్తరంగా జరిగి ఆసియా భూఖండాన్ని గుద్దుకున్నప్పుడు టిబెట్ పీఠభూమి, హిమాలయాలు పైకి లేచాయి. మన సండూరు రాళ్ళ వయస్సు 250 కోట్ల సంవత్సరాలకు పైమాటే! గాలిలో ప్రాణవాయువు దాదాపు లేని కాలంలో సముద్రం అడుగున ఇనుము, చెకుముకిరాయి పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఆ పొరలే తరువాత ముడతలు పడి కొండలయ్యాయి. సండూరులో తెగిన గట్టు ఎక్కడైనా దగ్గరగా చూడండి, ఎరుపూ నలుపూ చారలు చీర అంచులా కనబడతాయి. ఎత్తులో కైలాసంతో మనకు పోటీ లేదు. మన కొండ మూడు వేల అడుగులు దాటుతుంది, అంతే. వయస్సులో మాత్రం కైలాసం మన కొండకు మనవడి మనవడు కూడా కాడు.

మొదటి రోజు సండూరు చేరి కుమారస్వామి కొండకు వెళ్ళండి. ఊరినుంచి పది పన్నెండు కిలోమీటర్లు, అడవిలో మెలికల దారి. బళ్ళారి ఊరు సముద్ర మట్టానికి సుమారు 1,500 అడుగుల ఎత్తున ఉంది. ఇక్కడ దానికి రెట్టింపు ఎత్తుకు వస్తారు కాబట్టి గాలి చల్లబడడం మెడమీద తెలుస్తుంది. పైన రెండు ముఖ్యమైన గుళ్ళున్నాయి. పార్వతి గుడి బాదామి చాళుక్యుల కాలంది. కుమారస్వామి గుడిలో స్వామిని ఆడవాళ్ళు చూడకూడదన్న ఆచారం చాలాకాలంగా ఉంది. మీతో ఆడవాళ్ళుంటే ఈ సంగతి బయలుదేరేముందే చెప్పండి, అక్కడికి వెళ్ళాక తెలిస్తే మనస్సు కష్టపడుతుంది. ఈ కొండకు లోహాచలమని పాత పేరు. ఇనుప కొండ! ఇందులో ఏముందో యంత్రాలు రాకముందే మన పెద్దలకు తెలుసన్నమాట. 1932లో ఇక్కడి రాజులు ఘోర్పడేవారు హరిజనులకు ఆలయ ప్రవేశం కల్పించారు. 1934లో గాంధీగారు సండూరు వచ్చారు.

కొండమీద ఉండగానే కాలికింద నేల చూడండి. గట్టిగా కనిపించినా చిల్లులతో, బీటలతో నిండిన ఎర్రరాయి అది. వాన పడితే పైపైన జారిపోదు, లోపలికి ఇంకుతుంది. ఇంకిన నీరు కొండ పొట్టలో నిలిచి, వానలు వెనకబట్టిన తరువాత కూడా పాదం దగ్గర ఊటలై బయటికి వస్తుంది. బళ్ళారి ఊరికి ఏడాదికి సుమారు 20 అంగుళాల వాన. సండూరు కొండలకు అంతకంటే ఎక్కువే పడుతుంది. పడిన వాన కంటే నిలిచిన వాన గొప్ప. ఈ మాట గుర్తు పెట్టుకోండి, రేపు ఎల్లుండి పనికొస్తుంది.

రెండవ రోజు లోయకు ఇవ్వండి. సండూరు ఊరు రెండు కొండ వరసల నడుమ పొడవాటి తొట్టిలాంటి చోట ఉంది. నారిహళ్ళ వాగు పడమటి వరసను ఒకచోట కోసుకుని లోపలికి వస్తుంది, తూర్పు వరసను మరొకచోట కోసుకుని బయటికి పోతుంది. మొదటిది ఉబ్బలగండి, రెండవది భీమగండి. చెరువు కట్ట తెగితే మనం గండి పడిందంటాం. ఇక్కడ కట్ట ఏకంగా కొండే! తెగిందంటే ఒక్క రాత్రిలో తెగింది కాదు, వాగు వేలవేల ఏళ్ళు అరగదీసింది. గండిలో నిలబడితే రెండు పక్కలా గోడల్లాంటి రాళ్ళు, మధ్యలో సన్నటి నీరు. పిల్లలుంటే చెయ్యి వదలకండి, పాచి పట్టిన రాయి జారుతుంది.

రామగడ్ అనే కొండ కూడా ఇక్కడిదే. 19వ శతాబ్దంలో బళ్ళారి దండులో ఉన్న తెల్ల సిపాయిలకు ఎండాకాలం విడిదిగా ఇంగ్లీషువాళ్ళు దీన్ని వాడుకున్నారు. ఊటీ అంత పేరు రాలేదు గాని మన జిల్లాకూ ఒక వేసవి విడిది ఉండేదని తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. సాయంత్రం సుశీలానగర్ తండావైపు వెళితే సుగాలీ ఆడవాళ్ళ అద్దకం, అల్లికపని చూడవచ్చు. సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గవ్వలు, అద్దాలు, రంగుదారాలు. బేరమాడేముందు ఒక్క సంచి మీద ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టి చూడండి.

ఇక ఇష్టం లేకపోయినా చెప్పవలసిన మాట. లోయలో కొన్ని చోట్ల కొండ శిఖరం ఉండవలసిన చోట మెట్లు మెట్లుగా కోసిన ఎర్రటి గాయం కనబడుతుంది. ఇనుపరాయి గనులు ఇక్కడ చాలాకాలంగా ఉన్నాయి. 2000 తరువాత ప్రపంచంలో ఉక్కు గిరాకీ పెరిగి, రాయి ధర ఎగిరి, తవ్వకం అదుపు తప్పింది. రోడ్డు పక్క చెట్ల ఆకులు ఎర్రబారిన రోజులు మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు రాళ్ళు ఎక్కడున్నాయన్నది కూడా అప్పుడు కోర్టు వ్యవహారమయింది. 2011 జులైలో లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే నివేదిక ఇచ్చారు. ఆ నెలలోనే సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకం నిలిపివేసింది. 2013లో గనులను వర్గాలుగా విడదీసి, నియమాలు తప్పనివాటికీ, తక్కువ తప్పినవాటికీ షరతులతో, పరిమితితో మళ్ళీ అనుమతి ఇచ్చింది.

గనులన్నీ మూసెయ్యాలని కూర్చున్నచోటినుంచి చెప్పడం సులభం. 2011లో పని ఆగినప్పుడు లారీ డ్రైవర్లు, క్లీనర్లు, దారిపక్క హోటళ్ళవాళ్ళు పడిన బాధ ఎవరూ కాదనలేరు. నేను చెప్పేది వేరు. నిన్న కొండమీద చూసిన చిల్లుల ఎర్రరాయే గనివాడికి కావలసిన రాయి. నీటిని పట్టి ఉంచేదీ, ధర పలికేదీ ఒకటే పొర. దాన్ని ఒలిచేస్తే కింద వాన ఇంకదు, జారిపోతుంది. మళ్ళీ చెట్టు నాటవచ్చు, ఆ పొరను మాత్రం ఎవరూ తిరిగి పరచలేరు. 2024లో దేవదారి కొండ విషయంలో వచ్చిన గొడవ ఇదే. ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థకు అక్కడ గని ఇస్తే సుమారు 99 వేల చెట్లు పోతాయని లెక్క తేలింది, అడవి భూమి అప్పగించవద్దని రాష్ట్ర అటవీ మంత్రి ఆదేశించారు.

మూడవ రోజు వాగు వెంటే బయలుదేరండి. భీమగండి దగ్గర, తారానగర్ పక్కన నారిహళ్ళ ఆనకట్ట ఉంది. మూడు వైపుల పచ్చని కొండలు, నీటిలో వాటి నీడలు. ఈ ప్రయాణం మొత్తంలో ఒక్క ఫొటో తీయాలంటే ఇక్కడ తీయండి. పొద్దున ఎనిమిదిలోపు చేరితే గాలి లేచివుండదు, నీడ చెదరదు. అక్కడినుంచి తోరణగల్లు ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు దాటుకుని దరోజి చేరాలి. ఆ కాస్త దూరం అందంగా ఉంటుందని నేను చెప్పను.

దరోజి చెరువు చూడగానే సముద్రమా అనిపిస్తుంది. నారిహళ్ళ మోసుకొచ్చిన నీరే ఇది. మొన్న మీరు నిలబడ్డ కొండల వాన కూడా ఇందులో ఉంది. కట్టమీద నడుస్తూ ఆయకట్టు వైపు చూస్తే వరి, చెరకు, అరటి. చెరువు వైపు చూస్తే కొంగలు, నీటికాకులు. వాన తరువాత వచ్చే కొత్తనీరు ఎర్రగా ఉంటే అందులో ఎంత మన్ను ఉందో మీరే ఊహించుకోండి. కట్ట ఎంత బలంగా ఉన్నా, అడుగు పైకి లేస్తుంటే చెరువు లోతు తగ్గుతుంది.

దరోజి దగ్గరే ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది, 1994లో ఏర్పాటయింది. గుండ్రాళ్ళ గుట్టలు, ముళ్ళపొదలు, ఈ ఎండ నేలే ఎలుగులకు ఇష్టం. మధ్యాహ్నం రెండు తరువాత లోపలికి వదులుతారు. అటవీశాఖవాళ్ళు బండలమీద బెల్లం, తేనె పూసి పెడతారు. ఎదురుగా గుట్టమీది మంచెలాంటి చోట కూర్చుని చూడాలి. మాట్లాడకుండా కూర్చోగలిగితే, పొద్దు వాలేవేళకు నల్లటి తల్లి, వెనక రెండు పిల్లలు గుహనుంచి దిగివచ్చే దృశ్యం మీ అదృష్టంలో ఉండవచ్చు. కళ్ళకు దుర్భిణి తీసుకువెళ్ళండి, చాలా దూరం.

నాలుగవ రోజు నారిహళ్ళను వదిలి తుంగభద్ర వైపు వెళతాం. హోస్పేట, హంపి 2021 నుంచి విజయనగర జిల్లాలోకి వెళ్ళాయి గాని చూసే కంటికి జిల్లా సరిహద్దు కనబడదు. హంపి గుళ్ళ గురించి మీరు చాలా విని ఉంటారు, నేను చెరువుల మాటే చెబుతాను. కమలాపురం చెరువు విజయనగర కాలంది. తుంగభద్రనుంచి ఆ రోజుల్లో తవ్విన రాయ కాలువ దానికి నీరందిస్తుంది, నేటికీ పారుతుంది. హోస్పేటకు దక్షిణాన రెండు కొండల నడుమ కృష్ణదేవరాయలు మరొక పెద్ద చెరువు కట్టించాడు. సుమారు 1520లో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయెస్, అక్కడ పదిహేను ఇరవై వేలమంది చీమల బారులా పనిచేస్తున్నారని రాసిపెట్టాడు. గోవానుంచి పోర్చుగీసు రాతిపనివాడిని కూడా పిలిపించారు. కట్ట పలుమార్లు తెగింది, మళ్ళీ కట్టారు. ఇవాళ కమలాపురం చెరువులో నీళ్ళున్నాయి, ఆ రాయల చెరువు ఎండి నేలయింది. ఒకటి నిలిచి ఒకటి పోవడానికి కారణం కట్టలో లేదు. ఒకదానికి నదినుంచి కాలువ ఉంది, రెండవది కొండవానను నమ్ముకుంది.

సాయంత్రానికి తుంగభద్ర ఆనకట్ట చేరండి. 1945లో శంకుస్థాపన జరిగింది, 1953లో కాలువలకు నీరు వదిలారు. ఆ ఏడాదే అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి వచ్చాయి. మనుషులు రెండుగా విడిపోయినా ఎల్.ఎల్.సి., హెచ్.ఎల్.సి. కాలువలు రెండు వైపులా పారుతూనే ఉన్నాయి. కట్టినప్పుడు జలాశయంలో 133 టి.ఎం.సి.లు పట్టేది. ఇప్పుడు సుమారు 105. తక్కిన 28 టి.ఎం.సి.ల చోటును పూడిక తీసేసుకుంది. అదంతా గనుల మన్నే అంటే అన్యాయం, ఎగువ చేలనుంచీ అడవులనుంచీ వచ్చిందే ఎక్కువ. అయినా నేలపైన కప్పు పోతే ఏమవుతుందో, మూడు రోజులుగా చిన్న కొలతలో చూసింది ఇక్కడ పెద్ద కొలతలో తెలుస్తుంది.

ఆనకట్టమీద 33 గేట్లలో 19వ గేటు ఎక్కడుందో అడిగి చూడండి. 2024 ఆగస్టు 10 రాత్రి దాని గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. నిండిన జలాశయం, కింద పలు జిల్లాల రైతుల ఖరీఫ్. గేట్ల పనిలో నిపుణులైన మన తెలుగువారు కన్నయ్యనాయుడుగారిని పిలిపించారు. పారే నీటిలోనే ఇనుప పలకలను ఒకదానిమీద ఒకటి దించి, ఆ నెల 17 నాటికి నీటిని ఆపారు. ఆ కారణంగానే 2025లో నీటి నిల్వను 80 టి.ఎం.సి.లకు పరిమితం చేశారు.

ఎప్పుడు వెళ్ళాలని అడుగుతారు. ఆగస్టు చివరినుంచి అక్టోబరు మధ్య దాకా. సెప్టెంబరులో సండూరు లోయ పచ్చదనం వేరు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం దయచేసి వద్దు. అడవిలో నడవాలంటే సండూరు అటవీశాఖ కార్యాలయంలో ముందే అనుమతి అడగండి. గనుల దారిలో లారీలు ఆగకుండా తిరుగుతాయి, స్కూటరుమీద వెళ్ళేవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. కొండమీద రాత్రి బసకు చోటు దొరకడం కష్టం కాబట్టి సండూరులో రెండు రాత్రులు, హోస్పేటలో ఒకటి పెట్టుకోండి. కుమారస్వామి కొండకు వెళ్ళిన రోజు, తిరిగివచ్చే బండి ఎన్ని గంటలకో ఎక్కేటప్పుడే కండక్టరును అడిగి తెలుసుకోండి. నేనొకసారి అడగకుండా వెళ్ళి, చీకట్లో అడవి దారిన ఎనిమిది కిలోమీటర్లు నడిచాను.