తీగ వెళ్లాలంటే గోడ ఒప్పుకోవాలి!

ఫ్లాటు అద్దెకిచ్చినా గోడలు యజమానివే. ఆ గోడల మధ్య ఉండేవాళ్లకేమో ఇంటర్నెట్ కావాలి. నచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే మనిషి వస్తాడు. తీరా వచ్చాక, ‘ఈ బిల్డింగ్‌లో వేరేవాళ్ల కేబుల్‌కి పర్మిషన్ లేదు’ అంటూ కిందే ఆపేస్తారు. ఇక్కడ ఎవరి మాట చెల్లాలి? డబ్బు కట్టే అద్దెదారుదా, ఆస్తి ఉన్న యజమానిదా? అమెరికాలో ఇలాంటి తగాదా ఏకంగా సుప్రీంకోర్టుకే ఎక్కింది. అదీ అర అంగుళం మందం కూడా లేని కేబుల్ కోసం!

ఒక్క డాలరు పరిహారం

లొరెట్టో అనే మహిళ 1971లో న్యూయార్క్‌లోని మన్‌హట్టన్‌లో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు కొన్నారు. దాని మీద టెలిప్రాంప్టర్ అనే కేబుల్ టీవీ కంపెనీ తీగలు, పెట్టెలు ఉన్నాయని ఆమెకు తర్వాతగానీ తెలియలేదు. అంతకుముందు అలా తీగ వేసుకోనిచ్చినందుకు ఆ భవనంలో వచ్చే రాబడిలో 5 శాతం యజమానులకు ఇవ్వడం కంపెనీకి అలవాటు. 1973లో న్యూయార్క్ రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది. కేబుల్‌ను యజమాని అడ్డుకోకూడదు. పరిహారం ఎంతో ప్రభుత్వ కమిషన్ చెబుతుంది. ఆ కమిషన్ తేల్చిన మొత్తం ఎంతో తెలుసా? ఒకేసారి ఒక్క డాలరు!

లొరెట్టో కోర్టుకెళ్లారు. 1982లో సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఆమె వైపు మొగ్గింది. ఒకరి ఆస్తి మీద మరొకరి వస్తువును శాశ్వతంగా ఉంచితే, అది ఎంత చిన్నదైనా ఆస్తి తీసుకున్నట్టేననీ పరిహారం ఇవ్వాల్సిందేననీ జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ తీర్పు రాశారు. అయితే కేబుల్ వేయొద్దని మాత్రం కోర్టు అనలేదు. ఎంత ఇవ్వాలో తేల్చమని కేసును కింది కోర్టుకు పంపింది. కమిషనే పరిహారం నిర్ణయించవచ్చని 1983లో న్యూయార్క్ కోర్టు చెప్పింది.

తాళం మారింది

ఆ తర్వాత కథ అడ్డం తిరిగింది. కంపెనీలూ యజమానులూ ఒక్కటయ్యారు. ‘మీ భవనంలోకి మమ్మల్ని తప్ప ఎవరినీ రానివ్వకండి’ అంటూ ఒప్పందాలు రాసుకున్నారు. నష్టపోయింది అద్దెదారు. ఉన్నది ఒకే కంపెనీ అయితే ధర వాళ్లు చెప్పిందే కదా! అమెరికా కమ్యూనికేషన్ల సంస్థ ఎఫ్‌సీసీ ఇళ్లున్న భవనాల్లో ఇలాంటి ఒప్పందాలను 2007లో కేబుల్ కంపెనీలకు, 2008లో టెలిఫోన్ కంపెనీలకు నిషేధించింది. రాబడిలో వాటా ఒక్క కంపెనీ నుంచే తీసుకునే పద్ధతికి 2022లో అడ్డుకట్ట వేసింది. అక్కడి అపార్ట్‌మెంట్లలో ఉండే మన పిల్లలకూ ఈ రక్షణ వర్తిస్తుంది.

మరి మన దగ్గర?

భవనాల్లో ఒక్క కంపెనీకే హక్కులు కట్టబెట్టడం తగదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 జనవరిలో కేంద్రానికి సిఫార్సు చేసింది. 2023 టెలికాం చట్టం ప్రకారం, ప్రైవేటు స్థలంలో తీగలు వేయాలంటే కంపెనీ యజమానిని అడిగి ఒప్పందం చేసుకోవాలి. యజమాని కాదన్నా, ప్రజాప్రయోజనం కోసం అవసరమని కేంద్రం భావిస్తే దారి ఇప్పించే వీలుంది. ఈ నిబంధనలు 2024 జూన్ 26 నుంచి అమల్లోకి వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో, భవనాల్లో నెట్ సదుపాయాలను బట్టి నక్షత్రాల రేటింగ్ ఇచ్చే విధానాన్నీ ట్రాయ్ తెచ్చింది. కాకపోతే దానికి ముందుకు రావడం యజమానుల ఇష్టం.

అడ్వాన్సు ఇచ్చే ముందు...

మంచినీళ్లు, పార్కింగ్‌తో పాటు ఇవీ అడగండి. ఏయే కంపెనీల నెట్ వస్తుంది? ఒక్కరితోనే ఒప్పందం ఉందా? కొత్త కేబుల్ వేయడానికి పైపుదారి ఉందా, లేక గోడ కొట్టాలా? గోడ పాడైతే బాగుచేయించేది ఎవరు? జవాబులు కాగితం మీద ఉంటే ఇంకా మంచిది. యజమానులైతే ఇల్లు కట్టేటప్పుడే రెండు మూడు కంపెనీలకు సరిపడా పైపులు వేయించుకుంటే సరి. గోడకు చిల్లు పడదు, అద్దెదారుతో మాటా పడక్కర్లేదు!