వేగం వంద.. మాట మాత్రం తడబాటు
స్పీడ్ టెస్టులో 'పింగ్' అంకెనూ గమనించాలి

ఇంట్లో స్పీడ్ టెస్ట్ చేస్తే 100 ఎంబీపీఎస్ చూపుతుంది. అమెరికాలోని అబ్బాయితో వీడియో కాల్‌లో మాట్లాడితే మాత్రం మాట తెగిపోతుంటుంది. వేగం చాలడం లేదనుకుని పలువురు ఎక్కువ అద్దె ప్లాన్‌కు మారుతుంటారు. లోపం మరోచోట ఉంటే ఆ సొమ్ము వృథాయే.

పింగ్ అంటే..
మన కంప్యూటర్ పంపిన చిన్న సమాచారం సర్వరుకు చేరి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయమే పింగ్. దీన్నే లేటెన్సీ అనీ అంటారు. సెకనులో వెయ్యో వంతైన మిల్లీసెకన్లలో లెక్కిస్తారు. డౌన్‌లోడ్ వేగం రోడ్డు వెడల్పు వంటిదైతే, పింగ్ ప్రయాణ సమయం వంటిది. రోడ్డు వెడల్పు చేసినంత మాత్రాన ఊరు దగ్గర కాదు.

దూరం తగ్గదు
ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ దాదాపు 13 వేల కిలోమీటర్లు. తీగ తిన్నగా ఉన్నా రానుపోను 130 మిల్లీసెకన్లు తప్పవు. తీగలు చుట్టు తిరిగి వెళ్తాయి కనుక వాస్తవంలో ఇంకా ఎక్కువే. స్పీడ్ టెస్టు సాధారణంగా సమీప సర్వరును ఎంచుకుంటుంది. అందుకే అందులో పింగ్ తక్కువగా కనిపిస్తుంది.

అయితే ఒకవైపు జాప్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణకు పెద్దగా ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు చెబుతోంది. అంటే మాట తెగిపోవడానికి దూరం ఒక్కటే కారణం కాదు.

ఇంట్లోనే కారణాలు
గోడలు, పక్కిళ్ల వైఫై సంకేతాల వల్ల సమాచారాన్ని మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది. ఒకరు పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తుంటే మిగతా సమాచారం రౌటర్‌లో బారులు తీరుతుంది. అప్పటివరకు పదుల్లో ఉన్న పింగ్ వందలకు చేరవచ్చు. ఇలా పింగ్‌లో వచ్చే హెచ్చుతగ్గులను జిట్టర్ అంటారు. మాట తెగడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

ఇలా పరీక్షించాలి
* మిగతా ఫోన్లు, టీవీల్లో నెట్ ఆపి, లాన్ తీగతో పరీక్షించాలి. వైఫైలో కన్నా పింగ్ బాగా తగ్గితే లోపం వైఫైదే. రౌటర్‌ను గది మధ్యకు మార్చాలి, లేదా 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వాడాలి.
* అప్‌లోడ్ జరుగుతుండగా మరోసారి పరీక్షించాలి. పింగ్ ఒక్కసారిగా పెరిగితే కాల్ సమయంలో అప్‌లోడ్‌లు నిలిపివేయాలి. అప్‌లోడ్ వేగం ఎక్కువున్న ప్లాన్ ఉపకరించేది ఇలాంటప్పుడే.
* తీగతో, సమీప సర్వరుకు కూడా పింగ్ నిత్యం ఎక్కువే ఉంటే లోపం లైనులో ఉండవచ్చు. తేదీ, సమయంతో ఫలితాలు రాసి ఉంచుకుని సంస్థకు ఫిర్యాదు చేయాలి.