ఒక పండు, విరిగిన పేరు

పల్సానా వచ్చిన కొత్తలో పండ్ల బండి దగ్గర "భయ్యా, సపోటా ఎంత?" అని అడిగాం. అతను తెల్లమొహం వేశాడు. వేలితో చూపించాం. "అరే, చీకూ!" అని నవ్వాడు. నవసారి, అమల్‌సాడ్ తోటలు ఇక్కడికి దగ్గరే; చీకూకి అవి పెట్టింది పేరు. బదిలీ అయినప్పుడల్లా మనం కొత్త మాటలు నేర్చుకుంటాం కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాం.

తీరా చూస్తే రెండూ ఒకే పేరులోని ముక్కలు! ఈ పండు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. అక్కడి నవాత్ భాషలో ‘త్సపోత్ల్’ అంటే మెత్తని తియ్యని పండు. స్పెయిన్‌వాళ్లు మన పండును ‘చికోసపోతే’ అన్నారు. వాళ్ల ఓడల్లోనే చెట్టు ఫిలిప్పీన్స్ చేరింది. అక్కడ ఇప్పటికీ ‘చీకో’యే. పేరులో ముందు సగం గుజరాతీకి, వెనక సగం తెలుగుకు దక్కాయన్నమాట.

పచ్చికాయ కొరికితే పళ్లకు జిగురు అంటుతుంది, చూశారా? ఆ చెట్టు పాలను కాచి ముద్ద చేస్తే ‘చిక్లే’. 1871లో న్యూయార్క్‌లో థామస్ ఆడమ్స్ చూయింగ్ గమ్ చేసి అమ్మింది దాంతోనే.

మన ఆంధ్రలో ద్వారపూడి, క్రికెట్ బాల్ రకాలు, ఇక్కడ కాలీపత్తీ. బండి భయ్యా మాత్రం ఇప్పుడు మమ్మల్ని చూడగానే "సపోటా!" అని కేకేస్తున్నాడు.