నొప్పి మనిషిది కాదు... పనిది!

ఒళ్లు నొప్పులొస్తే మందు రాసుకుంటాం. మరీ ఎక్కువైతే ఓ మాత్ర వేసుకుంటాం. తెల్లారితే మళ్లీ అదే పనికి పోతాం. అసలు మార్చాల్సింది మనిషినా, పనినా? ఈ ప్రశ్నకు వరంగల్-హైదరాబాద్ దారిలోనే రెండు మంచి జవాబులున్నాయి.

నడుముకి మోకు. దానికి తోడు ముస్తాదు, పదునైన కత్తులు, కల్లు లొట్టి. పైన ఆకాశం, కింద నేల. మధ్యలో నిటారుగా నిలబడ్డ తాటిచెట్టు.

గీత కార్మికుడి ఆఫీసు అదే. పొద్దున ఎక్కాలి, సాయంత్రం ఎక్కాలి. వానాకాలంలో చెట్టు జారుతుంటుంది. మోకు మనిషిని చెట్టుకు ఆనించి ఉంచుతుంది నిజమే. కానీ పాదాలు చెట్టుని గట్టిగా తన్ని పట్టుకున్నంతసేపే దానికి బలం. కాలు పట్టు తప్పిందా... మనిషితోపాటు మోకూ జారుతుంది. ఒక్క క్షణం చాలు, నడుం విరిగి మంచాన పడటానికి. కొన్నిసార్లు అంతకన్నా ఘోరం. అందుకే, చెట్టెక్కిన మనిషి దిగి ఇంటికొచ్చేదాకా ఇంటిల్లిపాదికీ బెంగే.

ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి, 2016 నుంచి జనగామ జిల్లాలోకి వచ్చిన రఘునాథపల్లి మండలానికి ఈ వృత్తితో ప్రత్యేకమైన బంధం ఉంది. గౌడ కులంలో పుట్టి, మొగలులను ఎదిరించి, 1708లో వరంగల్ మీదే దాడిచేసిన సర్దార్ సర్వాయి పాపన్న కోట ఈ మండలంలోని ఖిలాషాపూర్‌లోనే ఉంది. పాపన్న కాలం నుంచి ఇప్పటిదాకా రాజులు మారారు, రాజ్యాలు మారాయి. చెట్టెక్కే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. పడితే పరిహారం ఎంతివ్వాలన్న చర్చ జరిగినంతగా, పడకుండా ఏం చేయాలన్న చర్చ జరగలేదు.

ఆ చర్చ 2024లో మలుపు తిరిగింది. ఆ ఏడాది జులైలో తెలంగాణ ప్రభుత్వం రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. గౌడలు కొలిచే దేవుడి పేరే దానికి పెట్టారు. కొండలెక్కేవాళ్లు వాడే తాళ్లు, బెల్టులు, కొక్కాల పద్ధతిని తాటిచెట్టుకి తెచ్చారన్నమాట. కాలు జారినా మనిషి కిందికి రాకూడదు, చెట్టునే వేలాడాలి... ఇదీ దాని వెనకున్న ఆలోచన. కిట్ చేతికిచ్చేసి వదిలేస్తే సరిపోదు కాబట్టి వాడటంలో శిక్షణ కూడా ఇచ్చారు.

తొమ్మిదివేల సార్లు!

రెండో జవాబు కోసం రఘునాథపల్లి నుంచి హైదరాబాదు వైపు బస్సెక్కాలి. జనగామ దాటాక ఆలేరు వస్తుంది. ఆ మండలంలోని శారాజిపేటలో పుట్టినవాడే చింతకింది మల్లేశం.

పోచంపల్లి చీర కట్టుకునేవారికి దాని అందమే కనిపిస్తుంది. దారానికి రంగులద్దకముందు ‘ఆసు పోయడం’ అనే పని ఒకటుంటుంది. ఓ చివర మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. చేత్తో దారాన్ని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిప్పుతూ పోవాలి. ఎక్కువగా ఇది ఆడవాళ్ల పనే. ఒక్క చీరకు ఎన్నిసార్లు తిప్పాలో తెలుసా? సుమారు 9,000 సార్లు! రోజుకి రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు. ఒక్కో తిప్పుకి మీటరు దూరమే అనుకున్నా, కూర్చున్నచోటే చెయ్యి 18 కిలోమీటర్లు నడిచినట్లు లెక్క.

మల్లేశం తల్లి లక్ష్మి చేసింది ఈ పనే. రాత్రయ్యేసరికి భుజం, మోచెయ్యి లాగేసేవి. ఆ బాధ చూస్తూ పెరిగిన కొడుక్కి బడిచదువు మధ్యలోనే ఆగిపోయింది. కానీ ఒక ప్రశ్న మాత్రం ఆగలేదు: ‘ఈ చెయ్యి చేసే పని యంత్రం ఎందుకు చేయకూడదు?’

1992లో మొదలుపెట్టాడు. డబ్బులున్నప్పుడు ఓ భాగం, లేనప్పుడు ఎదురుచూపు. ఊళ్లో నవ్వినవాళ్లూ ఉన్నారు. హైదరాబాదు వెళ్లి కరెంటు పనులు చేసుకుంటూనే యంత్రానికి మెరుగులు దిద్దాడు. 1999లో అది పూర్తిగా పనిచేసింది. దానికి అమ్మ పేరే పెట్టుకున్నాడు... లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చేసింది. 2017లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2019లో ఆయన కథే ‘మల్లేశం’ సినిమా అయింది.

సినిమాలో మనల్ని ఏడిపించేది అమ్మ మీద ప్రేమ. అయితే ప్రేమ ఒక్కటే చాలదు. భుజానికి నూనె రాసిన కొడుకులు ఎందరో ఉంటారు. మల్లేశం భుజాన్ని వదిలేసి, భుజాన్ని నొప్పిపెడుతున్న కదలికను పట్టుకున్నాడు. తేడా అక్కడుంది.

మెట్లు నాలుగు

పనిని మనిషికి తగ్గట్టు మలచడం ఓ శాస్త్రం. ఎర్గోనమిక్స్ అంటారు. అంతకు ఎంతో ముందే, 1700లో, ఇటలీ వైద్యుడు రామజీని ఏ వృత్తివాళ్లకు ఏ జబ్బులొస్తాయో ఓ పుస్తకమే రాశాడు. రోగిని ‘నువ్వేం పని చేస్తావు?’ అని అడగమని తోటి వైద్యులకు చెప్పింది ఆయనే.

ఈ రంగంలో నిపుణులు ఓ వరస చెబుతారు. ముందు, కీడు చేసే పనిని పూర్తిగా తీసేయగలమా చూడాలి. కుదరకపోతే పనిముట్టుని మార్చాలి. తరవాత పని వేళల్నీ, పద్ధతినీ మార్చాలి. ఒంటికి రక్షణగా ఏదన్నా తగిలించడం ఆఖరి మెట్టు.

ఈ లెక్కన ఆసు యంత్రం మొదటి మెట్టు మీద ఉంది. 9,000 సార్లు చెయ్యి తిప్పడమనే పనే లేకుండా చేసింది. సేఫ్టీ కిట్ ఆఖరి మెట్టు. అది ప్రాణం కాపాడుతుంది, దానికి చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ మోకాళ్ల మీద భారం, నడుం మీద భారం అలాగే ఉంటాయి. చెట్టెక్కే శ్రమ తగ్గించే దారి ఇంకా వెతకాల్సే ఉంది.

బొగ్గుగని, బట్టల కొట్టు, కంప్యూటరు... ఏ పనికైనా ఈ మెట్లే వర్తిస్తాయి.

కూర్చోవడమూ హక్కే

బట్టల దుకాణానికి వెళ్తే మనం దర్జాగా కూర్చుంటాం. చీరలు చూపించే అమ్మాయి మాత్రం పొద్దుట్నుంచి నిలబడే ఉంటుంది. గిరాకీ లేనప్పుడు కూడా కూర్చోనివ్వని కొట్లున్నాయి. కాళ్లు వాస్తాయి, నరాలు ఉబ్బుతాయి, నడుం పట్టేస్తుంది. దీనికి మందు... ఓ కుర్చీ! కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి తప్పనిసరి చేస్తూ చట్టాలు సవరించాయి. కుర్చీ ఖరీదెంత? దానివల్ల దక్కే ఆరోగ్యం ఖరీదెంత?

ఇక హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల సంగతి. వాళ్లది నీడపట్టు పనే. కానీ వేళాపాళా ఉండదు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోల్చి చెప్పిన లెక్క ఇది. ఇలా ఎక్కువ గంటల పనివల్ల 2016లో ప్రపంచంలో 7,45,000 మంది చనిపోయారని అంచనా.

ఒత్తిడి పెద్ద ఆఫీసర్లకే ఉంటుందనుకుంటాం. బ్రిటన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం అది తప్పని తేల్చింది. గుండెజబ్బు మరణాలు ఎక్కువగా ఉన్నది కింది మెట్టు ఉద్యోగుల్లోనే. 1985లో మొదలైన రెండో అధ్యయనం ఓ కారణం చూపించింది. తన పని ఎలా చేయాలో, ఎప్పుడు చేయాలో తాను నిర్ణయించుకునే వీలు లేకపోవడం! పని బరువుతోపాటు, ఆ పని మీద తన మాట చెల్లకపోవడమూ గుండెని దెబ్బతీస్తుంది.

కాబట్టి యజమానులు చేయాల్సిన మొదటి పని ఖర్చులేనిది... అడగడం. ఏ బస్తా ఎత్తితే నడుం పట్టేస్తోందో గుమాస్తాకి తెలిసినంతగా సేటుకి తెలియదు. ఏ షిఫ్టు తరవాత నిద్రపట్టట్లేదో ఉద్యోగికి తెలిసినంతగా మేనేజరుకి తెలియదు. మల్లేశం కూడా యంత్రానికి కొలతలు తీసింది తల్లి చెయ్యి కదిలే తీరు చూసే కదా!

మీ పనినీ ఓసారి చూసుకోండి!

* రోజూ ఒకే చోట నొప్పి వస్తోందా? ఆ చోటుని కదిలించే పని ఏదో రెండు రోజులు గమనించండి.

* కూరగాయలు తరగడం, అంట్లు తోమడం... వంగి చేసే పనుల్ని నడుం ఎత్తుకి తెచ్చుకోండి. పీట బదులు బల్ల చాలు.

* కంప్యూటరు తెర పైఅంచు కళ్లకు సమానంగా ఉండాలి. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకోవద్దు.

* గంటలకొద్దీ కూర్చోవద్దు, గంటలకొద్దీ నిలబడొద్దు. మధ్యమధ్యలో భంగిమ మార్చండి.

* బరువుల్ని ఒంటికి దగ్గరగా పట్టుకుని, మోకాళ్లు వంచి ఎత్తండి. బరువు తగ్గించి రెండుసార్లు మోయడం ఇంకా మేలు.

* తిమ్మిర్లు, రాత్రిళ్లు నిద్రలేపే నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి. మీరు చేసే పనేమిటో కూడా చెప్పండి.

మన ఇళ్లల్లో ‘కష్టపడితేగానీ ఫలితం ఉండదు’ అంటారు. నిజమే. కానీ కష్టం వేరు, కీడు వేరు. చీర నేయడం కష్టం. భుజం అరిగిపోవడం కీడు. ఆసు యంత్రం వచ్చాక చీర అందం ఇసుమంతైనా తగ్గలేదు. తగ్గింది నొప్పి ఒక్కటే. ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరైనా ‘అబ్బా... నడుం’ అంటే మందు రాయండి. రాస్తూ రాస్తూ ఓ మాట కూడా అడగండి... ‘ఇవాళ ఏ పని చేస్తుంటే వచ్చింది?’