పేస్‌మేకర్ ఉన్న యాత్రికులకు ఒక విన్నపం



అలంపురంలో జోగులాంబ దర్శనానికీ, శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి సేవకూ, చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరానికీ వెళ్ళదలచే పెద్దలలో పేస్‌మేకర్ ఉన్నవారూ ఉంటారు. "యంత్రం ఉన్నది గదా, గుండెకు భయమేమి?" అనుకోవడం సహజమే. అయితే అందులో సగమే సత్యం.

1958లో స్వీడన్ దేశంలో తొలిసారి మానవదేహంలో అమర్చిన ఈ యంత్రం, గుండె మందగించినప్పుడు స్వల్ప విద్యుత్తుతో దానిని కొట్టిస్తుంది. ఇది ఆగిన ఎద్దును కదిలించే ములుకోల. పరుగెత్తే ఎద్దును నిలిపే పగ్గం కాదు. కనుక యంత్రం ఉన్నప్పటికీ గుండె అతివేగంగా కొట్టుకొనవచ్చును.

వీటిలో ముఖ్యమైనది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఇందులో గుండె పైగదులు లయ తప్పి కంపిస్తాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం కలుగవచ్చు. ఈ వేగం పలుమార్లు రోగికి తెలియనే తెలియదు. యంత్రం మాత్రం దానిని నమోదు చేసికొంటుంది. నియమిత పరీక్షలో వైద్యుడు దానిని చదువగలడు. అరుదుగా రెండు తీగల యంత్రమే ఈ వేగాన్ని కొనసాగించవచ్చు. అప్పుడు సాధారణంగా వైద్యుడు శస్త్రచికిత్స లేకుండానే యంత్రపు అమరికను సరిదిద్దుతాడు.

కాబట్టి యాత్రకు ముందు పరీక్ష చేయించుకొనండి. ఉపవాసదినమని రక్తం పలుచబరచే మందును వైద్యుని అడుగక మానకండి. యంత్రపు కార్డు వెంట ఉంచుకొనండి. సలేశ్వరం లోయలోకి ఒంటరిగా దిగకండి. దడతో కళ్ళు తిరిగినా, ఆయాసం, ఛాతీనొప్పి కలిగినా, వెంటనే కూర్చొని తోడివారిచే 108కు ఫోను చేయించండి.

శరీరరక్షణ కూడ ధర్మసాధనమే.