వడిసెల రాయి, కర్సరు గురి

పాలమూరు, నల్లగొండ మెట్టచేలలో జొన్న కంకులు పాలుపోసుకొను వేళ మంచె నెక్కి వడిసెలతో పిట్టలను తోలుట మన రైతులకు తరతరముల విద్య. విడిచిన రాయి, పిట్ట పక్కకు ఎగిరినను దానిని వెంబడింపదు. కంప్యూటరు ఆటలో కర్సరు వైపు గుండును విడుచుటకును ఈ నీతియే ఆధారము.

1991లో వెలువడిన పైథాన్ భాషలో మన పిల్లలు ఇట్టి ఆటను వ్రాయుచున్నారనుకొందము. ఆటగాడు తెర ఎడమ అంచునుండి 100, పై అంచునుండి 100 చుక్కల దూరమున నున్నాడు. కర్సరు 400, 500 వద్ద నున్నది. తీసివేయగా 300, 400 వచ్చును. వీనినే వేగముగా నుంచినచో దూరపు గురికి గుండు మెరుపువలె, దగ్గరి గురికి నత్తవలె పోవును.

కావున దిశను దూరమునుండి వేరుచేయవలెను. పైథాగొరసు సూత్రముచే దూరము 500. దానిచే భాగింపగా వచ్చిన 0.6, 0.8 కేవలము దిశ. వేగము 10 కోరినచో, తెరపై చిత్రము మారిన ప్రతిసారి గుండు కుడికి 6, క్రిందికి 8 చుక్కలు జరుగును.

కర్సరు ఆటగాని మీదనే యున్నచో దూరము సున్న. సున్నచే భాగింపబోయిన ఆట నిలిచిపోవును. కనుక ముందే పరీక్షింపవలెను. మరియు దిశను మీట నొక్కిన క్షణమున ఒక్కసారియే లెక్కింపవలెను. మాటిమాటికి లెక్కించినచో గుండు కర్సరు వెంట తిరుగును. అప్పుడు గురి చూచు నేర్పునకు ఆటలో చోటుండదు.