టాక్రోలిమస్ మోతాదు అందరికీ ఒకటి కాదు

మార్పిడి చేసిన మూత్రపిండాన్ని శరీరం పరాయిదిగా గుర్తించి తిరస్కరించకుండా ఉండాలంటే, అది పనిచేసినంత కాలం రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడక తప్పదు. వాటిలో నేడు ప్రధానమైనది టాక్రోలిమస్; 1984లో జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి శాస్త్రవేత్తలు దీనిని వేరుచేశారు. రక్తంలో దీని మట్టం తగ్గితే కొత్త మూత్రపిండంపై శరీరం దాడి చేస్తుంది. మితిమీరితే చేతుల వణుకు, మధుమేహం, ఇన్ఫెక్షన్లు రావడమే కాక, కాపాడవలసిన మూత్రపిండమే దెబ్బతింటుంది.

మింగిన మందులో సగటున నాలుగోవంతు మాత్రమే రక్తంలోకి చేరుతుంది. పేగు గోడలోని పీ-గ్లైకోప్రోటీన్ అనే మాంసకృత్తు కొంత మందును తిరిగి పేగులోకే నెట్టివేస్తుంది. సీవైపీ3ఏ4, సీవైపీ3ఏ5 అనే ఎంజైములు, అంటే రసాయన చర్యలను వేగవంతం చేసే మాంసకృత్తులు, పేగు గోడలోనూ కాలేయంలోనూ దానిని విచ్ఛిన్నం చేయగా, మిగిలిన పదార్థాలు పైత్యరసంతో కలిసి మలం ద్వారా బయటికి పోతాయి. సీవైపీ3ఏ5ను తయారుచేసే జన్యువు కొందరిలో చురుకుగా పనిచేస్తుంది, కొందరిలో దాదాపు పనిచేయదు. చురుకుగా ఉన్నవారిలో మందు త్వరగా కరిగిపోతుంది కనుక వారికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల మోతాదు అవసరమవుతుంది.

ఇతర మందులూ ఈ ఎంజైములను ప్రభావితం చేస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వాటి ఉత్పత్తిని పెంచి టాక్రోలిమస్ మట్టాన్ని పడగొడతాయి; ఫంగస్ మందు ఫ్లూకొనజోల్, యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్, రక్తపోటు మందు డిల్టియాజెమ్ వాటిని అడ్డుకొని మట్టాన్ని పెంచుతాయి. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస పండ్లతోనూ ఇదే ముప్పు ఉంది. తీవ్రమైన విరేచనాలప్పుడు పేగు గోడలోని ఎంజైములు దెబ్బతినడం వల్ల మందు మట్టం తగ్గకపోగా పెరగవచ్చు.

అందుకే మోతాదును బరువును బట్టి మొదలుపెట్టినా, రక్తపరీక్షను బట్టే స్థిరపరుస్తారు. రోజుకు రెండు పూటలా మందు వేసుకునేవారు రాత్రి మోతాదు తర్వాత సుమారు 12 గంటలకు, ఉదయపు క్యాప్సూల్ వేసుకోకముందే రక్తం ఇవ్వాలి; వేసుకొని వెళితే అంకె ఎక్కువగా కనిపించి, అవసరమైన మోతాదును వైద్యుడు తగ్గించే ప్రమాదం ఉంది.

జలుబుకైనా, పంటినొప్పికైనా కొత్త మందు మొదలుపెట్టే ముందు, వాడుతున్నది ఆపే ముందు, మార్పిడి రోగులు తమ నెఫ్రాలజిస్టును తప్పక సంప్రదించాలి.